తద్దినాల పట్టిక, కొత్త ట్యాబ్

మార్చి నెల రెండో ఆదివారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. మా గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడిచేది కాబట్టి, సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదీ పద్దెనిమిదికి. ఆ రోజుల్లో నాకు అరవై ఏడేళ్లు. ఆ వయసులో ఉండే తొందరపాటు, కొత్త వస్తువు కనబడితే చెయ్యి ఊరుకోకపోవడం, అన్నీ నాకే తెలుసుననే ధీమా నాలో పుష్కలంగా ఉండేవి. ఇప్పుడు డెబ్బై నాలుగు. ఇప్పుడైతే అలా చేసేదాన్ని కాదు (అనుకుంటున్నాను).

మెట్టుగూడలో మా ముందుగదిలో కిటికీ పక్కన ఒక కంప్యూటర్ ఉండేది. దానితో నాకు ఏడాదికి ఒకటే పని. ఉగాదికి ముందు కొత్త పంచాంగం రాగానే, మా కుటుంబాల్లో పోయినవాళ్ల తద్దినాలు ఏ తేదీల్లో పడతాయో లెక్కకట్టి, ఉన్నవాళ్ల పుట్టినరోజులు కూడా చేర్చి, ఒకే పట్టికగా అచ్చుతీసి ముప్పై ఎనిమిది ఇళ్లకు పంపేదాన్ని. తొంభై నాలుగు వరుసలు. మా ఆయనది పన్నెండోది. పదిహేడేళ్లలో ఒక్క తప్పు లేదు. తద్దినం తేదీ మీద ఎవరికైనా అనుమానం వస్తే పురోహితుడిని అడిగేవారు, ఆయన నాకు ఫోన్ చేసేవాడు.

అచ్చుకు ముందు ఒక పద్ధతి ఉండేది. రెజిమెంటల్ బజార్లో గుండీలు, దారాల దుకాణం నడిపే మా మరిదిని పిలిచి, పట్టిక మొత్తం పైకి చదివి వినిపించేదాన్ని. ఆయన పెళ్లి చేసుకోలేదు, తీరిక ఉండేది. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, వరుసకొక్కసారి "ఆఁ" అనేవాడు. నిద్రపోతున్నాడేమోనని ఒకసారి కావాలని ఒక తిథి తప్పు చదివాను. కళ్లు తెరవకుండానే, "వదినా, చిన్నాయన పోయింది దశమి నాడు. గా దినం నేను దుకాణం బంద్ పెట్టిన" అన్నాడు.

సరే, ఆ ఆదివారం మా కోడలు ఒక ట్యాబ్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అత్తమ్మా, బట్టల మిషన్ బాల్కనీల ఎండకు ఖరాబైతున్నది. గీ కంప్యూటర్ తీసేస్తే ఇక్కడ పడ్తది. మీ పట్టిక దీంట్లనే చేసుకోవచ్చు, జెర చూడున్రి" అంది. నేను అభిప్రాయాలతో నడిచే మనిషిని కాను. పరీక్ష పెడదామన్నాను. ఈ ఏటి పట్టిక ట్యాబ్‌లో సక్రమంగా తయారైతే కంప్యూటర్ పోతుంది, లేకపోతే ట్యాబ్ పోతుంది. అప్పటిదాకా కంప్యూటర్ అటకెక్కింది. నోటుపుస్తకంలో అడ్డంగా గీత గీసి మార్కులు వేయడం మొదలుపెట్టాను. తేలిక: ట్యాబ్‌కు ఒకటి. కరెంటు పోయినా నడుస్తుంది: ట్యాబ్‌కు ఒకటి. అక్షరం నొక్కితే నొక్కినట్టు వేలికి తెలియడం: కంప్యూటర్‌కు ఒకటి. ఎనిమిదో రోజుకు ట్యాబ్ ఆరు, కంప్యూటర్ మూడు.

తొమ్మిదో రోజున పట్టిక పూర్తయింది. పేర్లు అకారాది క్రమంలో ఉంటే వెతకడం సులువని, పేర్ల గడి మీద వేలు పెట్టి వరుసలో పెట్టమన్నాను. పెట్టింది. అచ్చులు ముందు, హల్లులు తర్వాత, ముచ్చటగా ఉన్నాయి. మరిదిని పిలుద్దామనుకునే లోపల కోడలు, "ఇగ ప్రింటెందుకు అత్తమ్మా? గ్రూపుల పెడితే అయిపాయె" అంది. పెట్టాను. ముప్పై ఎనిమిది ఇళ్లకు నాలుగు సెకన్లు పట్టింది. ట్యాబ్‌కు ఏడో మార్కు వేశాను.

పదకొండు నిమిషాలకు లాలాగూడ నుంచి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. "అత్తమ్మా, ఎల్లుండి అమ్మమ్మ బర్త్‌డే అని వచ్చింది. కేక్ తేవాల్నా?" వాళ్ల అమ్మమ్మ, అంటే మా అత్తగారు, పోయి అప్పటికి ఇరవై రెండేళ్లు. పట్టిక తెరిచి చూశాను. ట్యాబ్ పేర్లను మాత్రమే వరుసలో పెట్టింది. తేదీలు, తద్దినమా పుట్టినరోజా అనే గడి, ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయినవాళ్లలో సగం మందిని లేపాను, ఉన్నవాళ్లలో సగం మందిని పంపించాను.

సాయంత్రం మరిది స్వయంగా వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, నేనెప్పుడు పోయిన?"

"అది పొరపాటయ్యా."

"దుకాణంల అందరూ అడుగుతున్నరు. పన్నెండో వరుసల నా పేరు, పక్కన తద్దినం. అది మా అన్న తద్దినం గద?"

"చెప్పాను కదా, పేర్లు కదిలాయి."

"కదులుతయి మరి. చదివేటప్పుడు నన్ను పిలిస్తిరా? పిలవలే. అందుకే సచ్చిపోయిన."

ఆయన కోపం తద్దినం గురించి కాదని అప్పుడు తెలిసింది. నోటుపుస్తకం తీసి ట్యాబ్ ఏడో మార్కు కొట్టేశాను. పాత ఏడాది కాగితం చూసి పట్టిక సరిచేసి, ముప్పై ఎనిమిది ఇళ్లకూ ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత కంప్యూటర్ దించమన్నాను. "మీరు జరుగున్రి వదినా, ఏం తక్లీఫ్ లేదు" అంటూ మరిది స్టూలెక్కాడు. తెర ఆయన చేతిలోంచి జారి నేలకు తగిలింది. కోడలు ముక్కలు ఊడ్చి, కొలిచే టేపు తెచ్చుకుంది. అలా పరీక్ష ఫలితం తేలింది.

ఆ ఏడు మా ఆయన తద్దినానికి మరిది అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. "ఇయ్యాల అన్నది, నాది రెండూ ఉన్నయి. గారెలు గట్లనే లెక్క చూసి వెయ్యున్రి" అన్నాడు. పదకొండు తిన్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ పట్టిక ట్యాబ్‌లోనే చేశాను, ఆయన కుర్చీలో కళ్లు మూసుకుని "ఆఁ" అన్న తర్వాతే పంపాను.

మూడేళ్ల కిందట ఆయన పేరు పక్కన ఉన్న గడిని నిజంగానే మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు కోడలికి చదివి వినిపిస్తున్నాను. కిటికీ పక్కన బట్టల మిషన్ తిరుగుతుంటుంది, ఆమె బట్టలు మడతపెడుతూ "ఆఁ" అంటుంది. ఏటా ఒక తిథి కావాలని తప్పు చదువుతాను. దానికీ "ఆఁ" అంటుంది. నేనే సరిచేసుకుని ముందుకు పోతాను. నాలుగు సెకన్లలో పని అయిపోయిందని ఎగిరిపడిన ఆ అరవై ఏడేళ్ల పిల్ల మీద నాకు కోపం లేదు. నవ్వొస్తుంది.

పోయినవి: కంప్యూటర్ తెర ఒకటి. పదిహేడేళ్లు తప్పులేదన్న పేరు ఒకటి. వినే మనిషి ఒకరు.