తల వెనక ముఖం

ఆదిలాబాద్ అడవి అంచున పత్తి ఏరేవాళ్లు తల వెనక మనిషి ముఖమున్న మాస్కు కట్టుకుంటారు. పులి వెనక నుంచే వస్తుందని, కళ్లు కనబడితే ఆగుతుందని నమ్మకం.

ఒక చలికాలం సాయంత్రం శుక్రగ్రహాన్ని వీడియో తీయడానికి, తెలిసిన ఒకామె పత్తిచేనుకు టెలిస్కోపు తీసుకుపోయాను. అక్కడ పడమటి దిక్కున ఏ అడ్డూ లేదు. కూలీలు అప్పటికే వెళ్లిపోయారు. ఆమె తన మాస్కు విప్పి నా తలకు కట్టింది.

"అసలు ముఖం కన్న గిదే జర మంచిగున్నది సారూ," అంటూ నా ఎదురుగా పత్తి మూట మీద కూర్చుంది.

టెలిస్కోపుకు ఫోను బిగించి, వంగి చూస్తూ రికార్డింగ్ మొదలుపెట్టాను. నెలవంకలాంటి శుక్రుడు నీళ్లలో ఉన్నట్టు వణుకుతున్నాడు. గాలి లేదు. అయినా వెనక ఎండుటాకులు నలిగాయి.

"సారూ, వంగకు," అంది ఆమె మెల్లగా. "నువ్వు వంగితే గా ముఖం మొగులు దిక్కు చూస్తది."

ఆకాశం వైపు తిరిగిన మాస్కు మళ్లీ వెనక్కి చూసేలా నిటారుగా నిలబడ్డాను. ఆమె రెప్ప వేయకుండా నా భుజం మీదుగా చూస్తోంది. చాలాసేపటికి, "పోయింది. ఇగ సామాను సర్దు," అంది.

ఇంటికొచ్చి వీడియో పెట్టుకుని చూశాను. శుక్రుడు పక్కకు జరిగిపోయాక అంతా ఖాళీ ఆకాశమే. ఆకుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. "పోయింది" అన్న ఆమె మాట దాకా మళ్లీ మళ్లీ విన్నాను. వెళ్లిపోయిన చప్పుడు ఎక్కడా లేదు.

వెంటనే ఫోన్ చేసి, రేపు చేనుకు పోవద్దని చెప్పాను.

"పత్తి రాలిపోతది సారూ," అంది ఆమె. "పోవాలె."