సుక్రి వాళ్ళ బ్రేకర్

ఈ ఉదయం గీజర్ వేయగానే బ్రేకర్ పడిపోయింది. ఎక్కడో వైరు కాలిన వాసన. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా దాన్ని పైకెత్తొద్దంటే పిల్లలు విసుక్కున్నారు. నాకు మాత్రం అరకు దగ్గరి మా ఊరు, సుక్రి మీద నా కుళ్ళు గుర్తొచ్చాయి.

నా ఈడుదే అయిన సుక్రిది మా పక్కిల్లు. వాళ్ళ గోడకి కొత్తగా తెల్లటి బ్రేకర్ పెట్టె వచ్చింది. మాది పాత ఫ్యూజే. చలికాలం పొద్దున్నే బకెట్లో హీటర్ పెట్టి మిక్సీ కూడా వేస్తే, వాళ్ళింట్లో టక్కున కరెంటు పోయేది. "పోయింది, పోయింది!" అని నేను మా గుమ్మంలో గెంతేదాన్ని. మాది ఎప్పుడూ పోయేది కాదు. కరెంటు పనంతా తనకే వచ్చనుకునే నాన్న, ఫ్యూజులో లావుపాటి రాగితీగ చుట్టాడు. "మనది పోదే గుంటా" అనేవాడు గర్వంగా. మా ఇల్లే గట్టిదని నమ్మాను.

ఒక పొద్దున మా గోడలోంచి పొగ వచ్చింది. సుక్రి వాళ్ళ నాన్న పరుగున వచ్చి మెయిన్ ఆపేశాడు. కరిగిన వైరు చూసి, "ఏటి బావా ఇది? ఎక్కువైతే తెగిపోవాలనే కదా ఫ్యూజు ఎట్టీది. తెగకుండా సేసీసినావు" అన్నాడు. నాన్న తల దించుకున్నాడు.

వారం తిరక్కుండా మాకూ తెల్లపెట్టె వచ్చింది. మా బకెట్లో నీళ్ళు కాగకముందే అది మొదటిసారి పడిన రోజు సుక్రి మా గుమ్మంలోకి వచ్చింది. ఇప్పుడు గెంతుతుందని పళ్ళు బిగించి చూశాను.

"మా పొయ్యి మీద నీళ్ళు కాగినాయి. బేగి రాయే" అంది.

వాళ్ళింట్లో అన్నిసార్లు కరెంటు పోయినా, నేను ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అందుకే సుక్రి అంటే నాకు ఇప్పటికీ కుళ్ళే.