పిచ్చుక ముక్కుకు మాస్కు

ఈ ఉదయం ఆళ్లగడ్డ బస్టాండు ముందు గాలి కాలుష్యం మీద అవగాహన ర్యాలీ జరిగింది. రిటైరైన టీచర్లను కూడా పిలిచారు కాబట్టి, ఇప్పుడు ఊరందరికీ జేజిని, అంటే అవ్వనైన నేనూ వెళ్లాను. ముందు వరుసలో ఆరడుగుల పిచ్చుక వేషం ఒకటి గంతులేస్తోంది. సందేశం దూరానికి కూడా కనబడాలని దాని ముక్కుకు పెద్ద తెల్ల మాస్కు కట్టారు. లోపలి మనిషికి గాలి వచ్చే దారి ఆ ముక్కు సందొక్కటేనని ఏ మేధావికీ తోచలేదు.

కాసేపటికి పిచ్చుక దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. మా వీధిలో శిల్పాలు చెక్కే ఓబులేసుది. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, డాక్టరు ఇక ఉలి పట్టొద్దంటే ఈ వేషంలోకి వచ్చాడు. పిచ్చుక రోడ్డు మీద కూలబడగానే వెళ్లి మాస్కు లాగేశాను.

ర్యాలీ నడిపిస్తున్న పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది జేజీ, ఫొటో ఇంకా కాల్యా! మాస్కు లేకుంటే జనానికి ఏం తెలుస్తాది?"

"లోపలోడు సచ్చిపోతే ఇంకా బాగా తెలుస్తాదిలే నాయనా," అన్నాను.

అంతలో పిచ్చుక లోపలి నుంచి ఓబులేసు బతిమాలాడు. "కట్టేయి జేజీ. ఈ పని గూడా పోతే మళ్లా రాయి కాడికే పోవాల."

నా చేతులతో నేనే తిరిగి కట్టాను. ఫొటో చాలా బాగా వచ్చిందట.

రేపు నంద్యాలలో ఇదే ర్యాలీ. పిచ్చుకతో సెల్ఫీ దిగేవాళ్లెవరైనా ఉంటే, ముందు ఆ మాస్కును కాస్త పక్కకు లాగండి. లోపల మా ఓబులేసు ఉంటాడు.