స్కాన్‌కు ముందు వారం

పేటలో సగం మందికి కారు నడపడం నేర్పింది ఆవిడే. అందరికీ ‘డ్రైవింగ్ అక్క’. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎంత పెద్ద లారీ ఎదురొచ్చినా గొంతు పెంచదని పేరు. మూడేళ్ల కిందట ఎడమ రొమ్ముకు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషనూ మందులూ అయ్యాక ఆవిడ మళ్లీ పాఠాలు మొదలుపెట్టింది. “గండం గడిచిందిగా, ఇంకేం!” అనేవారు చుట్టాలు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

గడవనిది ఆర్నెల్లకోసారి వచ్చే స్కాన్. దానికి ముందు వారమంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. దగ్గొస్తే ఊపిరితిత్తులకు పాకిందనుకునేది. తలనొప్పొస్తే మెదడుకెక్కిందనుకునేది. చంక కింద తడిమి తడిమి చర్మం కందిపోయేది. ఈసారి భుజం నొప్పి పట్టుకుంది.

“పొద్దస్తమానం పక్కనుంచి వంగి స్టీరింగ్ లాగుతుంటే నొప్పెట్టదా మరి?” అన్నాడు భర్త.

“నీకేం, నీ భుజం కాదుగా!”

ఆయన ఆరిన బట్టలు మడతపెట్టాడు. ఒకే తువ్వాలు మూడుసార్లు మడిచాడు.

స్కాన్ రోజున ఒక్కదాన్నే వెళ్తానని ఆయన్ని ప్రింటింగ్ ప్రెస్సులో పనికి పంపేసింది. తీరా ఆస్పత్రికి పోకుండా పాఠానికి పోయింది. నేర్చుకునేది రిటైరైన లెక్కల టీచరమ్మ. మూడు సందులు దాటాక టీచరమ్మే కారాపేసింది.

“మలుపులు చెప్పడం లేదేంటమ్మాయ్? ఒంట్లో బాలేదా?”

“ఈపాటికి నేను స్కాన్‌కెళ్లాలి టీచరుగారూ. వెళ్లకపోతే ఏమీ లేనట్టే కదా అనిపించింది.”

టీచరమ్మ నీతులు చెప్పలేదు. “దోవ చెప్పు. నేను తీసుకెళ్తా.”

“మీకు మూడో గేరే పడదు కదండీ!”

“రెండో గేరులోనే పోదాం. మనకేమైనా పందెమా?”

దారిలో ఇంజను నాలుగుసార్లు ఆగింది. వెనకవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచారు. ఆ అరగంటా అక్కకు తన భుజం సంగతే గుర్తు రాలేదు. ఆస్పత్రి లిఫ్టు ఎక్కగానే చెయ్యి మళ్లీ భుజం మీదికి పోయింది.

స్కాన్ అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో నర్సుకు మొదటిసారి ఉన్నదంతా చెప్పేసింది. నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది.

“చాలామందికి ఈ భయం ఉంటుందమ్మా, పైకి చెప్పరంతే. కొత్త నొప్పొస్తే తారీకు రాసుకోండి. రెండు వారాలైనా తగ్గకపోతే ఫోన్ చెయ్యండి. గడ్డ తగిలితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. తడిమి చూసుకోవడం నెలకొక్కసారి చాలు.”

ఫలితానికి రెండు రోజులాగాలి. అక్క ఉతికిన కర్టెన్లే మళ్లీ ఉతికింది. చివరికి, ఆస్పత్రికి ఎగనామం పెట్టబోయిన సంగతి భర్తకు చెప్పేసింది. ఆయన తడి కర్టెను రెండో కొస అందుకుని పిండాడు.

“నాకూ భయమే. నేనూ చెప్పలేదు,” అన్నాడు.

రిపోర్టులో ఏమీ లేదు. భుజంలో కండరం పట్టేసిందట. ఆవిడ ఆస్పత్రి మెట్ల మీదే కూలబడి నవ్వింది, ఏడ్చింది.

తర్వాతి స్కాన్‌కూ భయం రానే వచ్చింది. కాకపోతే ఈసారి వారం కాదు, నాలుగు రోజులు. ఆ నాలుగు సాయంత్రాలూ మొగుడూ పెళ్లాం వీధుల వెంట నడిచారు. ఆవిడ చెబితే ఆయన విన్నాడు. చెప్పనప్పుడు గుచ్చిగుచ్చి అడగలేదు.