డింఫ్నా, ఎనిమిది వందల యూరోల కోచ్

పొద్దున్నే బడి బస్సు తీసే ముందు డింఫ్నా హన్రాటీ డ్రైవరు సీట్లో కూర్చుని ఫ్లాస్కులోని టీ వంచుకుంటుంది. చిన్న నోటు పుస్తకం తీసి, గురువారం పోకర్ పేకాటలో తాను తప్పుగా ఆడిన ఆట ఒకటి రాసుకుంటుంది. ఒక్కటే. వారానికి సరిపడా తప్పులు ఎప్పుడూ ఉంటాయి.

ఐర్లండ్‌లోని డ్రోహెడాలో ఒక పబ్ వెనక గదిలో, ఆమెతో కలిపి, ఇరవై ఏళ్లుగా ఆడేది అదే ఐదుగురు. పందెం కట్టి చూపించమంటే తప్ప అక్కడ ఎవరూ తమ ముక్కలు తిప్పరు. ఓడినవాళ్లు చేతిలో ఏముందో చెప్పరు. ఆ అలవాటే డింఫ్నాను దాదాపు ముంచింది.

ఒక అక్టోబరులో, నెట్‌లో పోకర్ నేర్పే కిలియన్ అనే కుర్రాడికి ఆమె ఎనిమిది వందల యూరోలు కట్టింది. అవి ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్ మార్చడానికి దాచినవి. నచ్చకపోతే ముప్పై రోజుల్లో మొత్తం వాపసు అని అతని పేజీలో ఉంది. వచ్చినవి మాత్రం ఎక్కడైనా ఊరికే దొరికే వీడియోలు. పందొమ్మిదో రోజున డబ్బు అడిగితే, అలాంటి హామీ తానెప్పుడూ ఇవ్వలేదన్నాడు. వెతికితే పేజీలో ఆ వాక్యం లేదు. రాతలో ఆధారం చూపితే డబ్బు రప్పిస్తామంది బ్యాంకు.

పాత బాయిలర్ నవంబరులో ఆగిపోయింది. డింఫ్నా కోటుతోనే వంట చేసుకుంది. బల్ల దగ్గర మాత్రం నోరు విప్పలేదు.

డిసెంబరులో ఒక గురువారం మలాకీ ఆమెను వదల్లేదు. ఆ ఐదుగురిలో ఒకడైన అతను ఊళ్లో అంత్యక్రియలు జరిపించే మనిషి.

"ఏమ్మా, ఇంత వెచ్చగా ఉంటే కోటు విప్పవేం? దాని చేతుల్లో ముక్కలు దాచావా?"

అందరూ నవ్వారు. డింఫ్నా ముక్కలు బోర్లించి మొత్తం చెప్పేసింది.

"అయిపోయింది. ఇప్పుడు నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. మలాకీ ముఖం ఎర్రబడింది.

"ఆ పళ్లికిలించే కిలియనేనా? నేనూ కట్టాను, అదే నెలలో."

"నీకెందుకయ్యా కోచ్?"

"నిన్ను ఓడిద్దామని."

"వారం వారం ఓడిస్తూనే ఉన్నావుగా."

"నువ్వు బస్సులో కూర్చుని పుస్తకంలో రాసుకోవడం చూశాక భయమేసింది."

మర్నాడు పొద్దున బస్సు దగ్గరికి అతను ఒక కాగితం తెచ్చాడు. కిలియన్ పేజీ, డబ్బు కట్టిన రోజునే తేదీతో సహా అచ్చు తీసింది. హామీ వాక్యం అందులో ఉంది.

"మా పనిలో తర్వాత మాట తేడా వస్తుంది. అందుకే ప్రతిదీ ఫైల్లో పెడతాను."

"మరి నీ డబ్బు అడిగావా?"

"ఆ ముప్పై రోజులూ సిగ్గుపడుతూ కూర్చున్నా."

జనవరిలో బ్యాంకు ఆమె డబ్బు ఆమెకు వేసింది. కొత్త బాయిలర్ వచ్చిన సాయంత్రం డింఫ్నా కోటు తీసి తలుపు వెనక తగిలించి, వంటింట్లో ఊరికే కాసేపు నిలబడింది.

తర్వాత దగ్గర్లోని డండాక్ ఊళ్లో ఊనా అనే రిటైరైన లెక్కల టీచరు పోకర్ నేర్పుతుందని తెలిసి ఫోన్ చేసింది. అడిగింది ఒకటే.

"పోయినేడు మీరెంత పోగొట్టుకున్నారండీ?"

"ఉండండి, పుస్తకం తెస్తా." కాగితాలు తిప్పిన చప్పుడు. ఊనా నెలనెలా పోయిందీ వచ్చిందీ చదివింది. మార్చిలో బాగా పోయింది. "ముందు ఒక గంట వచ్చి కూర్చోండి. పనికిరాదనిపిస్తే టీ తాగి వెళ్లినట్టే."

ఇప్పుడు డింఫ్నా రెండు వారాలకోసారి శనివారం డండాక్ వెళుతుంది. ఫీజు పాఠం అయ్యాకే ఇస్తుంది. కారులో పక్క సీట్లో, తన ఫీజు తాను జేబులో పెట్టుకుని, మలాకీ ఉంటాడు.