మూడో సీసా

కాకినాడ నుంచి విశాఖపట్నం వెళ్లేవారికి ముందుగా ఒక మాట. లాడ్జిలో దిగగానే బకెట్లో నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. ఆ పని చేయకపోవడం వల్లే నేను ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టబోయాను.

ఎనభైల మొదట్లో మాట. నేను ఒక లేబరేటరీలో కెమిస్టుని. ఓడలో వచ్చిన గోధుమ బస్తాలు తడిసిపోయాయి, అది సముద్రపు నీరో వాననీరో తేల్చుకు రమ్మని బీమా వాళ్లు మా లేబరేటరీని అడిగారు. పెద్దవాళ్లిద్దరూ జ్వరమని తప్పుకున్నారు కాబట్టి పని నా నెత్తిన పడింది.

సామర్లకోటలో ఆరున్నరకు రైలెక్కాను. తుని దగ్గర కిటికీ పక్క చోటు దొరికింది. ఎదుటి సీటు పెద్దాయనది కూర్మన్నపాలెం వైపు. "మా పొలాల్లో వరి పండేదమ్మా. ఇప్పుడు ఉక్కు పండిత్తారంట," అన్నాడు. ఆ ఉక్కు కర్మాగారం గోడలు కట్టే పనికే ఆయన వెళ్తున్నాడు.

తొమ్మిదిన్నరకు దిగాను. ఒంటరి ఆడదానికి గది ఇవ్వడానికి లాడ్జి గుమాస్తా నసిగాడు. ఆఫీసు ఉత్తరం చూపిస్తే తాళం చెవి ఇచ్చాడు. ఆడవాళ్లు వెళ్లేటప్పుడు ఇలాంటి ఉత్తరం ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది. నా సీసాలు బకెట్ నీళ్లతో కడుక్కుని, ఇడ్లీ తిని, సిటీ బస్సులో పోర్టుకు చేరేసరికి పదకొండున్నర.

అక్కడ మాధవరావు ఉన్నాడు. మద్రాసు నుంచి ఓడవాళ్లు తమ తరఫున నష్టం చూసి రమ్మని పంపిన సర్వేయరు. ఉప్పునీరని తేలితే తప్పు ఓడది, నష్టం ఓడవాళ్లే కట్టుకోవాలి. వాననీరైతే తప్పు బస్తాలు దింపే మేస్త్రి అప్పలస్వామిది. వాన పడుతుంటే ఓడ మూతి మీద టార్పాలిన్ కప్పించలేదని అతని పని తీసేస్తారు. అప్పలస్వామి మా ఇద్దరికీ దణ్ణం పెట్టి, "నాను కప్పించానమ్మా. నా మాట ఎవులు నమ్ముతారు? ఆ నీటినే అడగండి," అన్నాడు.

చీర కొంగు బిగించి ఇనప నిచ్చెన మీద ఓడ అడుగుకు దిగాను. మాధవరావు నా వెనకే దిగి, నా చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. నేను కత్తెర తీస్తే అతను నోటుబుక్కు తీశాడు. దొంగను కాపలా కాసినట్టు కాస్తున్నాడని ఒళ్లు మండింది. నేనూ తక్కువ తినలేదు. అతని సంచి ఎక్కడ పెడుతున్నాడో ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను.

పరీక్ష చిన్నదే. తడి గోనె ముక్కను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి సిల్వర్ నైట్రేట్ చుక్క వేయాలి. ఉప్పుంటే పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. వేశాను, తెల్లబడింది. అప్పలస్వామి అక్కడే కూలబడి ముఖం తుడుచుకున్నాడు. మాధవరావు మాత్రం నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి పుక్కిలించి గతుక్కుమన్నాను. నీళ్లు ఉప్పగా ఉన్నాయి. వరండా తుడుస్తున్న ఆమెను అడిగితే, "అది నూతి నీరమ్మా. తాగడానికి కూజాలో కుళాయి నీరు ఎట్టాను కదేటి?" అంది. నా సీసాలు కడిగింది ఆ నూతినీటితోనే. ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పొడి గోనెను కూడా పరీక్షించి ఉంటే తెలిసిపోయేది. బద్ధకించాను. నిన్న తెల్లబడింది ఓడ వల్లో, లాడ్జి వల్లో!

నోరు మూసుకుంటే మా బీమా వాళ్లకు లాభం, అప్పలస్వామి ఉద్యోగమూ నిలుస్తుంది. చెబితే రెండూ అనుమానమే. మధ్యాహ్నం రెండు గంటలకు ఓడ వెళ్లిపోతుంది, ఆ తర్వాత మళ్లీ పరీక్షించే వీలుండదు. గబగబా మెట్లు దిగాను.

కింద హోటల్లో మాధవరావు ఉప్మా తింటున్నాడు. అతనూ అదే లాడ్జిలో దిగాడు. ఎదురుగా కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను.

అతను నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టాడు. "సీసాలు ఏ నీటితో కడిగారు?" అని నిన్నటి పేజీలోనే రాసుంది. "దిగిన పూటే నేనూ పుక్కిలించానండి," అన్నాడు.

"మరి అప్పుడే అడగలేదేం?"

"ఓడ వెళ్లాక అడుగుదామనుకున్నాను. అప్పుడు మీ రిపోర్టు చెల్లేది కాదు." తల వంచుకున్నాడు. "రాత్రంతా ఆ మేస్త్రి ముఖమే కనిపించింది. మీరు చెప్తారనుకోలేదు."

ఉప్మా అతని నెత్తిన పోయాలనిపించింది. కానీ ఇంత నిజం నా ముఖం మీద చెప్పిన మగవాడు అంతకుముందు తారసపడలేదు. "లేవండి, టైం లేదు," అన్నాను.

తొమ్మిదింటికి మళ్లీ ఓడ అడుగున ఉన్నాం. సీసాలన్నీ డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం. సిల్వర్ నైట్రేట్ అతని చేతికిచ్చి, "చుక్కలు మీరే వేయండి," అన్నాను. ఎదుటి పక్షానికి అది ఎవరూ ఇవ్వరు. ఉత్త నీటిలో వేశాడు, తెల్లబడలేదు. పొడి గోనె నీటిలో వేశాడు, తెల్లబడలేదు. అప్పలస్వామి కళ్లు మూసుకున్నాడు. తడి గోనె నీటిలో చుక్క పడగానే సీసా అంతా తెల్లగా విరిగింది.

"నాను సెప్పలేదేటి బాబూ!" అన్నాడు అప్పలస్వామి. మాధవరావు తనవాళ్లకు నష్టమని తెలిసీ సంతకం పెట్టాడు.

ఏ నమూనానైనా మూడు సీసాల్లో పెట్టడం మా పద్ధతి. ఒకటి నాకు, ఒకటి ఎదుటివారికి. మూడోదానికి ఇద్దరి లక్కముద్రలూ వేసి మధ్యవర్తి దగ్గర ఉంచుతాం. తగాదా వస్తే తెరిచేది దాన్నే. లక్క కరుగుతుంటే కొవ్వొత్తికి గాలి తగలకుండా అతను రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నేను వేసిన ముద్ర కాస్త వంకర పోయింది.

తిరుగు రైలు మూడున్నరకు. బండి కదలబోతుంటే అతను పరుగున వచ్చి, కిటికీలోంచి కాగితం చుట్టిన సీసా ఇచ్చాడు. సిల్వర్ నైట్రేట్ మరకలతో అతని వేళ్లు నల్లబడ్డాయి.

"ఇది మధ్యవర్తి దగ్గర కదా ఉండాలి?"

"ఇక తగాదా లేదని మావాళ్ల తరఫున రాసిచ్చి తెచ్చాను. మీ దగ్గరే ఉండనీయండి."

అనకాపల్లి దాటాక పక్కనున్న చేపలమ్మే ఆమె అడిగింది. "ఏటమ్మా ఆ సీసాలో?"

"గోనె ముక్క."

"గోనె ముక్కని ఇంత బద్రంగా ఒళ్లో ఎట్టుకున్నావేటి!"

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. విశాఖలో నేను సముద్రాన్ని తీరిగ్గా చూసింది లేదు. దాని ఉప్పు మాత్రం బాగా తెలిసింది.

ఆ సీసా ఇప్పటికీ మా అలమరలో ఉంది. మాటా మాటా పెరిగిన రోజు ఆయన దాన్ని దించి బల్ల మీద పెట్టి, "తెరుద్దామా?" అంటారు. వంకర ముద్ర చూసి నేను మళ్లీ పైన పెట్టేస్తాను.