నాంపల్లి గల్లీలో ఒక మాజీ కార్పొరేటర్ ఇంటికి

నేను హనుమకొండలో రాజనీతి శాస్త్రం పాఠాలు చెబుతాను. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సరిత, ఒక్కసారి కార్పొరేటర్లుగా గెలిచి ఆ తర్వాత కనిపించకుండా పోయిన ఆడవాళ్ల గురించి పరిశోధిస్తోంది. వార్డుల రిజర్వేషన్ మారుతూ ఉంటుంది కదా, మహిళలకు కేటాయించిన వార్డు తర్వాతి ఎన్నికల్లో జనరల్ అయితే, గెలిచినామె చాలాసార్లు ఇంటికే పరిమితమవుతుంది. ఆమె ఏమైందో ఎవరూ అడగరు. సరిత అడగాలనుకుంది. కానీ వరసగా ముగ్గురు మాట్లాడటానికి ఒప్పుకోలేదు. ఫెలోషిప్ ఈ సెమిస్టర్‌తో అయిపోతుంది. "మానేసి గ్రూప్స్‌కి చదువుకుంట మేడం" అని ఒకరోజు నా గదిలో నిలబడి మెల్లగా చెప్పింది. ఆ వారంలోనే నాంపల్లిలో ఉండే యాదమ్మ గారు ఫోన్లో "అరగంటనైతే రాండ్రి" అన్నారు. సరితను ఒక్కదాన్నే పంపబుద్ధి కాక నేనూ బయల్దేరాను.

తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే తెలంగాణ ఆడవాళ్లకు ఇందులో ఛార్జీ లేదు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. గౌలిగూడ దగ్గర పెద్ద బస్టాండులో దిగి, పక్కనే ఉన్న మెట్రో ఎక్కితే నాంపల్లి మూడో స్టేషన్. ఆటోలో ఆ ట్రాఫిక్‌లో పడటం కంటే ఇదే నయం. మెట్లు దిగగానే ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. యాదమ్మ గారి గల్లీ ఎటని అడిగితే, చట్నీ వేస్తున్నామె గరిటె ఆపి మా మొహాల్లోకి చూసింది.

"ఏం పని పడ్డది? పింఛను గురించా? ఆమె గిప్పుడు కార్పొరేటర్ కాదమ్మా."

"తెలుసండీ. మాట్లాడదామనే వచ్చాం" అన్నాను.

"ఔనా. గట్లయితే పోండ్రి. రెండో గల్లీ, కింద ఫాల్స్ కుట్టే దుకాణం ఉంటది. ఆమెదే."

యాదమ్మ గారికి అరవై దాటి ఉంటాయి. పాలమూరు వైపు పల్లె నుంచి పెళ్లయి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. దుకాణం పైగదిలో కూర్చోబెట్టారు. ఆమె భర్త మంచినీళ్లు తెచ్చిచ్చి, "మీరు మాట్లాడుకోండ్రి" అని కిందికి వెళ్లిపోయారు. సరిత ప్రశ్నలు మొదలుపెట్టింది. నాలుగో ప్రశ్న, వార్డు పనుల్లో నిర్ణయాలు మీరు తీసుకునేవారా, మీ భర్తా అని. యాదమ్మ గారి మొహం ముడుచుకుపోయింది.

"మొగ కార్పొరేటర్లను గూడ అడుగుతరా గీ మాట? వాళ్ల పెండ్లాలు చెప్పిన్రా అని?" అన్నారు. "ఇంతకుముందు ఒకాయన వచ్చిండు. చాయ్ తాగి పోయిండు. అంత మా ఆయననే నడిపిచ్చిండని రాసిండంట. మా అన్న బిడ్డ చదివి చెప్పింది."

ఆమె లేవబోయారు. ఈ ప్రయాణం ఇక్కడితో సరి అనుకున్నాను. సరిత కాగితాలు సంచిలో పెట్టేసి, "ఆ ప్రశ్న తీసేస్త అమ్మా. ఒక్కటే అడుగుత. పదవి పోయిన తెల్లారి మీరేం చేసిన్రు?" అంది.

ఆమె మళ్లీ కూర్చున్నారు.

"ఐదేండ్లు తెల్లారకముందే తలుపు కొడుతుండె జనం. నల్లా రాలేదని ఒకరు, మోరీ పొంగిందని ఒకరు. కొత్తాయన గెలిచిన తెల్లారి గూడ గదే టైముకు లేసిన. జడేసుకొని, తలుపు తీసి కూసున్న. ఎవ్వరు రాలె. ఎండ లోపటికొచ్చేదాక కూసున్న. మా ఆయన సూసి, తలుపు దగ్గరికేసి చాయ్ తెచ్చిచ్చిండు." కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నెల రోజులు బజారుకు పోలె. పోతే ఏమని పిలుస్తరో అని. మేడం అంటరా, యాదమ్మ అంటరా?"

అరగంట కాస్తా మూడు గంటలయింది. చివర్లో నేను, మా నియమం ప్రకారం మీ పేరు ఎక్కడా రాయం, ఫికర్ పెట్టుకోకండి అన్నాను. ఆమె నా వైపు వింతగా చూశారు.

"పేరు లేకుంటే గిదంత ఎవలది?"

రాస్తే రేపు ఎవరైనా ఇబ్బంది పెట్టవచ్చని చెప్పాను. "పడ్డ ఇబ్బందులు పడనే పడ్డ. నా పేరు రాయుండ్రి" అన్నారు. నేను అప్పటికప్పుడు మాట ఇవ్వలేకపోయాను. పరిశోధన నియమాలు చూసే మా యూనివర్సిటీ కమిటీని అడిగి చూస్తానని మాత్రం చెప్పాను.

గల్లీ చివరిదాకా మాతో నడిచి వచ్చారు. జామకాయల బండి అతను "ఏంది మేడం, చుట్టాలా?" అని పలకరించాడు. "కాదు, నా మీద రాస్తున్రు" అన్నారామె, చుట్టుపక్కల వాళ్లకు కూడా వినపడేలా. సరిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అక్కడి నుంచి ఆబిడ్స్‌కు నడిచి వెళ్లి భోజనం చేశాం. ఆదివారమైతే ఆ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. మేము వెళ్లింది మామూలు రోజు కాబట్టి చెప్పుల దుకాణాలే. సరిత అన్నం కలుపుతూనే ఫోన్లో ఏదో టైపు చేసుకుంటోంది. సుల్తాన్ బజార్ మీదుగా బస్టాండుకు చేరేసరికి పొద్దు వాలిపోయింది.

ఆమె పేరు విషయం మా కమిటీ ముందు పెడితే మొదట వద్దన్నారు. వాదించాను. ఆమె సంతకంతో విన్నపం తెప్పిస్తే రెండోసారి ఒప్పుకున్నారు. సరిత మళ్లీ నాంపల్లి వెళ్లి, రాసిన అధ్యాయం మొత్తం ఆమెకు చదివి వినిపించింది. ఆమె రెండు చోట్ల దిద్దించి, మిగతాదానికి సరే అన్నారట. ఇక్కడ ఆమె పేరు రాస్తున్నది కూడా అడిగాకే.

ఇన్నేళ్లుగా అధికారం అంటే ఏమిటో తరగతిలో నిర్వచనాలు చెబుతున్నాను. అది పోయిన మర్నాడు ఒక మనిషి తలుపు తీసి కూర్చోవడం గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఏడాది చెప్పాను. ఇలాంటి పని మీద హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తిరుగు బస్సుకు ముందుగా రిజర్వేషన్ చేయించుకోకండి. రాత్రిదాకా హనుమకొండకు బస్సులుంటాయి. ఎదుటి మనిషి అసలు మాట మొదలుపెట్టినప్పుడు మీరు గడియారం చూడకూడదు.